విమానంలో పక్క సీటు వెల

(తిరుపతిలో వినియోగదారుల అవగాహన సభలో ఒక విశ్రాంత వాణిజ్యశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి లిఖిత రూపం. సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లను మాత్రమే తీసివేశాం.)

సభకు నమస్కారం. ఇంత ఎండలోనూ శ్రమ అనుకోకుండా వచ్చిన పెద్దలకూ, చివరి వరుసల్లో నిలబడే వింటున్న విద్యార్థులకూ నా వందనాలు.

ఈ సాయంత్రం నాకు అప్పగించిన విషయం విమానాల్లో సీటు ఎంపికకు వసూలు చేస్తున్న రుసుము. నేను లోపలికి వస్తుంటే ఒక మిత్రుడు ఆపి, "విమానం ఎక్కేవాళ్ళ కష్టం కూడా ఒక కష్టమేనా మాస్టారూ? వేలు పోసి టికెట్ కొన్నవాడు సీటుకు ఇంకొన్ని వందలు పెట్టలేడా?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే అది. దానికి సమాధానం చెప్పకుండా ముందుకు వెళ్ళడం మర్యాద కాదు.

రేణిగుంట విమానాశ్రయంలో ఒక గంట నిలబడి వచ్చిపోయేవారిని చూడండి. మొక్కు తీర్చుకోవడానికి పసిపిల్లలతో వచ్చిన కుటుంబం కనబడుతుంది. హైదరాబాదులో పెద్ద డాక్టరుకు చూపించుకోవడానికి బయలుదేరిన ముసలి దంపతులు కనబడతారు. కొడుకు టికెట్ పంపిస్తే మొదటిసారి విమానం ఎక్కుతున్న తల్లి కనబడుతుంది. మన ప్రాంతంలో నగరి, పుత్తూరు వైపువారు చెన్నైకీ, పలమనేరు, కుప్పం వైపువారు బెంగళూరుకూ వెళ్ళి విమానం ఎక్కుతారు. వీళ్ళందరూ శ్రీమంతులా? కాదు కదా. రైలు రిజర్వేషను దొరకక, సెలవు చాలక, ఆరోగ్యం సహకరించక విమానం ఎక్కినవారే ఎక్కువ. వారికి ఆ కొన్ని వందలు లెక్కలోకి వచ్చే డబ్బే. పైగా నలుగురు ఉన్న కుటుంబం రానూపోనూ వెళ్ళాలంటే ఆ కొన్ని వందలను ఎనిమిదితో హెచ్చించుకోవాలి. అప్పుడు అది వేలల్లోకి వెళుతుంది.

అయితే నా ఫిర్యాదు డబ్బు గురించి మాత్రమే కాదు. ఆ డబ్బు దేనికి తీసుకుంటున్నారన్నది నా అసలు ప్రశ్న. టికెట్ కొన్నప్పుడు మనం ఏమి కొన్నాం? తిరుపతి నుంచి హైదరాబాదుకు చేరవేస్తామన్న మాట కొన్నాం. గాలిలో నిలబెట్టి తీసుకెళ్ళరు కాబట్టి ఆ మాటలోనే ఒక సీటు కూడా ఉంది. మరి రెండోసారి అమ్ముతున్నది ఏమిటి?

ఎయిర్‌బస్ ఏ320 అనే విమానం మనలో చాలామంది ఎక్కిందే. ఎకానమీ సీట్లే ఉన్న అమరికలో సాధారణంగా 180 సీట్లు ఉంటాయి. నడవకు అటు మూడు, ఇటు మూడు చొప్పున 30 వరుసలు. అంటే కిటికీ పక్కన 60, నడవ పక్కన 60, ఆ రెండింటి నడుమ ఇరుక్కునే మధ్య సీట్లు 60. ఒంటరిగా ప్రయాణించే మనిషి ఎవరూ మధ్య సీటును కోరుకోరు. రెండు భుజాలూ ఒదిగించుకుని కూర్చోవలసిన ఆ సీటును కావాలని ఎవరు ఎంచుకుంటారు?

ఎవరు ఎంచుకుంటారో ఆలోచించండి. భార్యాభర్తలు ఒకే వైపున పక్కపక్కన కూర్చోవాలంటే ఇద్దరిలో ఒకరు మధ్య సీటులో కూర్చోక తప్పదు. తల్లి, బిడ్డ అయినా అంతే. ముసలి తండ్రి, ఆయనకు తోడుగా వచ్చిన కూతురు అయినా అంతే. ఒంటరి ప్రయాణికుడు ఉచితంగా ఇచ్చినా వద్దనే సీటు, కుటుంబంతో వెళ్ళేవారికి అవసరమైన సీటు అవుతుంది. కాబట్టి కిటికీ సీటుకు డబ్బు తీసుకుంటే ఆకాశం చూసే ముచ్చటకు తీసుకున్నారని సర్దుకోవచ్చు. నడవ సీటుకు తీసుకుంటే కాళ్ళు చాపుకునే వీలుకు తీసుకున్నారని అనుకోవచ్చు. మధ్య సీటుకు కూడా వెల కట్టినప్పుడు తీసుకుంటున్నది దేనికి? సొంత మనిషి పక్కన కూర్చునే వీలుకు. అది సౌకర్యం కాదు, తోడు. పెళ్ళికి పిలిచి, భోజనాల బంతిలో ఆలుమగలు పక్కపక్కన కూర్చోవాలంటే విడిగా చదివింపులు చదివించమన్నట్టుగా ఉంది ఈ వ్యవహారం.

రేణిగుంటకు వచ్చే చిన్న విమానాల సంగతి కూడా ఒక మాట. ఏటీఆర్ 72 రకం విమానంలో నడవకు రెండు వైపులా రెండేసి సీట్లే ఉంటాయి. మధ్య సీటు అన్నదే లేదు. సంతోషమే. కానీ అక్కడ పక్కపక్కన కూర్చోవడమంటే ఒకరికి కిటికీ, ఒకరికి నడవ. అంటే పెద్ద విమానంలో కోరి ఎంచుకునే సీట్లు ఏవో, ఇక్కడ ఉన్నవన్నీ అవే. ఇంకొక సంగతి. ఏటీఆర్‌లో ప్రయాణికులు ఎక్కే దిగే ద్వారం తోక వైపున ఉంటుంది, సామాన్లు పెట్టే గది ముందువైపున ఉంటుంది. ముందు వరుసలో కూర్చుంటే ముందుగా దిగవచ్చునన్న లెక్క ఈ విమానంలో తలకిందులవుతుంది. ముందు వరుసకు ఎక్కువ వెల పెట్టి కొనేవారు ఏ విమానమో చూసుకుని కొనండి. నవ్వుతున్నారు, కానీ విమానం రకం ఏమిటో టికెట్ కొనేటప్పుడే తెరమీద ఉంటుంది. ఎంతమందిమి చూస్తున్నాం?

చట్టం ఏమంటున్నదో చూద్దాం. ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం 1953లో వచ్చింది. ఆ చట్టం కింద దేశంలోని విమాన సర్వీసులు ప్రభుత్వ సంస్థల చేతుల్లో ఉండేవి. 1994లో దానిని రద్దు చేశారు. ఆనాటి నుంచి విమాన ఛార్జీలు నిర్ణయించుకునే స్వేచ్ఛ సంస్థలకు వచ్చింది. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ నిబంధనలలో 135వ నిబంధన కింద, ఖర్చులనూ సేవల స్వభావాన్నీ సముచిత లాభాన్నీ దృష్టిలో పెట్టుకుని సంస్థలు ఛార్జీలు నిర్ణయించుకునే పద్ధతి ఏర్పడింది. ఆ తరువాత టికెట్ ఛార్జీలోనే కలిసి ఉండే సేవలను విడదీసి, విడివిడిగా వెల కట్టుకోవడానికి పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, అనుమతి ఇచ్చింది. భోజనం, చెక్-ఇన్ సామాను, లాంజ్, సంగీత వాద్యాలు, క్రీడా సామగ్రి, వాటితోపాటు ఇష్టమైన సీటు కూడా ఆ పట్టికలో చేరింది. తాగే నీటికి మాత్రం డబ్బు తీసుకోకూడదు. అందులో ఒక ముఖ్యమైన షరతు ఉంది, దయచేసి గుర్తుపెట్టుకోండి. ఇవన్నీ ప్రయాణికుడు కోరుకుంటేనే ఇవ్వవలసినవి, బలవంతంగా అంటగట్టవలసినవి కావు.

2018 నవంబరులో ఈ విషయం మీద దేశమంతటా గొడవ జరిగింది. వెబ్ చెక్-ఇన్ చేసుకునేవారికి దాదాపు అన్ని సీట్లకూ రుసుము చూపిస్తున్నారని ప్రయాణికులు మండిపడ్డారు. విడదీసిన ధరల విధానానికి ఇది లోబడి ఉన్నదో లేదో పరిశీలిస్తామని పౌర విమానయాన మంత్రిత్వ శాఖ ప్రకటించింది. డబ్బు కట్టడం ఇష్టం లేనివారు విమానాశ్రయంలో కౌంటరు దగ్గర ఉచితంగా సీటు తీసుకోవచ్చునని సంస్థలు సమాధానం చెప్పాయి. బాగానే ఉంది. మరి కౌంటరుకు వెళితే ఏమైంది? బోర్డింగ్ పాస్ అచ్చు వేసి ఇచ్చినందుకు డబ్బు తీసుకోవడం మొదలైంది! చివరకు 2022 జులైలో మంత్రిత్వ శాఖ కలుగజేసుకుని, కౌంటరులో బోర్డింగ్ పాస్ ఇచ్చినందుకు అదనంగా వసూలు చేయకూడదని చెప్పవలసి వచ్చింది. ఇంట్లో చెక్-ఇన్ చేసుకుంటే సీటుకు డబ్బు, విమానాశ్రయంలో చేసుకుంటే కాగితానికి డబ్బు. ప్రయాణికుడు ఎటు తిరిగినా ఒక చేయి చాచి ఉంటుందన్నమాట.

2024 ఏప్రిల్‌లో డీజీసీఏ మరొక అడుగు వేసింది. 12 ఏళ్ళ లోపు పిల్లలకు, అదే పీఎన్ఆర్, అంటే ఒకే బుకింగ్ నంబరు, మీద ప్రయాణిస్తున్న తల్లి, తండ్రి లేదా సంరక్షకులలో కనీసం ఒకరి పక్కన సీటు కేటాయించాలనీ, దానికి రికార్డు ఉంచాలనీ సంస్థలకు చెప్పింది. సీటు ఎంచుకోనివారికి విమానం బయలుదేరే లోపల దానంతట అదే సీటు కేటాయించే ఏర్పాటు ఉందని కూడా ఆ సందర్భంలోనే స్పష్టం చేసింది. మంచి నిర్ణయం. నేను స్వాగతిస్తున్నాను. కానీ పసిపిల్లలను తల్లి పక్కన కూర్చోబెట్టాలని ఒక ప్రభుత్వ సంస్థ ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చిందంటే, అంతకుముందు ఏమి జరిగి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు.

ఆ ఉత్తర్వు పిల్లల దగ్గర ఆగిపోయింది. డెబ్బై అయిదేళ్ళ తల్లి సంగతి ఏమిటి? చెవులు సరిగ్గా వినబడని తండ్రి సంగతి ఏమిటి? బెల్టు ఎలా పెట్టుకోవాలో, అనౌన్స్‌మెంటులో ఏమన్నారో చెప్పే మనిషి పక్కన లేకపోతే ఆ పెద్దలు పడే కంగారు నేను చూశాను, మీరూ చూసే ఉంటారు. మన రైల్వేను చూడండి. రైల్వేను మనం తిట్టని రోజు ఉండదు. కానీ 60 ఏళ్ళు దాటిన మగవారికి, 45 ఏళ్ళు దాటిన ఆడవారికి, టికెట్ తీసుకునే సమయంలో కింది బెర్తు మిగిలి ఉంటే, వారు అడగకపోయినా దానంతట అదే ఇచ్చే ఏర్పాటు రైల్వేలో ఉంది. వారి కోసం ప్రతి స్లీపరు పెట్టెలో కొన్ని కింది బెర్తులు విడిగా ఉంచుతారు. చిత్తూరులో వెంకటాద్రి ఎక్కే ముసలమ్మకు ఈ వయసు లెక్క కంప్యూటరే చూసుకుంటుంది. దానికి ఒక్క రూపాయి అదనంగా తీసుకోరు. అదే లెక్క విమానయాన సంస్థ కంప్యూటరుకు చేతకాదా? చేతకాకపోవడం కాదు. సీనియర్ సిటిజన్ టికెట్ అమ్మేటప్పుడు వారు వయసు అడిగే తీసుకుంటున్నారు కదా.

నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇది. వారు అమ్ముతున్నది సీటును కాదు, సీటు గురించిన అనుమానాన్ని పోగొట్టే హామీని. ఆ అనుమానాన్ని పుట్టించింది కూడా వారే. "ఇప్పుడు డబ్బు కట్టకపోతే మీకు ఎక్కడ వస్తుందో చెప్పలేం" అన్నది వారి మాట. ఆ మాట ఎంత బలంగా చెబితే అంతగా మనం డబ్బు కడతాం. అందుచేత అనుమానం తగ్గించడం వారికి లాభం కాదు.

ఇది నా ఊహ మాత్రమే అనుకోకండి. బ్రిటన్‌లో పౌర విమానయాన అధికార సంస్థ 4,000 మందికి పైగా ప్రయాణికులను అడిగి, 2018లో ఫలితాలు వెల్లడించింది. కలిసి టికెట్ కొని, సీటుకు రుసుము కట్టనివారిలో ఎంతమంది విడివిడిగా కూర్చోవలసి వచ్చిందన్నది ప్రశ్న. ర్యానైర్ అనే విమానయాన సంస్థ విషయంలో నూటికి 35 మంది అలా విడిపోయారు. చాలా ఇతర సంస్థల విషయంలో ఆ సంఖ్య అందులో సగం కూడా లేదు. విమానం ఎంత నిండి ఉన్నదన్నది కొంత కారణం కావచ్చు, కాదనను. అయినా కుటుంబాన్ని కలిపి కూర్చోబెట్టడం సాధ్యమా కాదా అన్నది సంస్థ పెట్టుకున్న పద్ధతిని బట్టి ఉంటుందని ఆ తేడా చెబుతోంది.

అమెరికా లెక్కలు ఇంకా కళ్ళు తిరిగేలా ఉన్నాయి. అక్కడి సెనేట్ ఉపసంఘం ఒకటి 2024 నవంబరులో నివేదిక ఇచ్చింది. 2018 నుంచి 2023 వరకు అయిదు విమానయాన సంస్థలు ఒక్క సీటు రుసుముల మీదనే 1,240 కోట్ల డాలర్లు సంపాదించాయని అందులో ఉంది. యునైటెడ్ సంస్థకు 2023లో సామాను రుసుము కంటే సీటు రుసుము మీదనే ఎక్కువ ఆదాయం వచ్చింది, 120 కోట్ల డాలర్లకు 130 కోట్ల డాలర్లు. సామాను మోయాలంటే మనిషి కావాలి, బండి కావాలి, ఇంధనం కావాలి. 14వ వరుసలో కూర్చునే మనిషిని 9వ వరుసలో కూర్చోబెట్టడానికి ఏమి ఖర్చు అవుతుంది? అదే అమెరికాలో సౌత్‌వెస్ట్ అనే సంస్థ 1971లో విమానాలు మొదలుపెట్టినప్పటి నుంచి సీటు నంబరు లేకుండానే ఎక్కించేది. ముందు వచ్చినవారు నచ్చిన చోట కూర్చునేవారు. అర్ధశతాబ్దం పైగా నడిచిన ఆ పద్ధతిని కూడా వదిలి, 2026 జనవరి నుంచి సీట్లు కేటాయించే పద్ధతికి మారాలని అది నిర్ణయించుకుంది.

ఇంతసేపూ ఒకవైపే మాట్లాడాను. వాణిజ్యశాస్త్రం చెప్పినవాడిని కాబట్టి రెండోవైపు కూడా చెప్పాలి. విమానయానం లాభాలు కురిసే వ్యాపారం కాదు. ప్రపంచవ్యాప్తంగా ఒక్కో ప్రయాణికుడి మీద సంస్థలకు మిగిలే నికర లాభం సుమారు 7 డాలర్లని వారి అంతర్జాతీయ సంఘం చెబుతూ ఉంటుంది. మన దేశంలో ఇంధనానిదే పెద్ద ఖర్చు, దాని మీద రాష్ట్రాల పన్ను వేరే. కింగ్‌ఫిషర్, జెట్, గో ఫస్ట్ ఎలా ఆగిపోయాయో మన కళ్ళ ముందే చూశాం. మనం కూడా తక్కువ వాళ్ళమేమీ కాదు. టికెట్ వెతికేటప్పుడు తెరమీద తక్కువ ధర నుంచి ఎక్కువ ధరకు వరుస పెట్టించి, మొదటి దానినే కొంటాం. వంద రూపాయలు తేడా ఉంటే సంస్థనే మార్చేస్తాం. మనం ఇలా కొంటున్నందువల్లనే వారు పై ధర తగ్గించి చూపించి, లోపల చిన్న చిన్న రుసుములుగా రాబట్టుకుంటున్నారు. ఆరడుగుల మనిషి కాళ్ళకు ఎక్కువ చోటున్న సీటు కావాలని అదనంగా కడితే నాకు అభ్యంతరం లేదు. ఆయన కట్టిన డబ్బు వల్ల నా టికెట్ చౌక అయితే నాకు సంతోషమే.

ఎంచుకోవడం ఇష్టమై కట్టడం వేరు, విడిపోతామేమోనన్న భయంతో కట్టడం వేరు. మొదటిదానిని వ్యాపారమనే అంటాను. రెండోదానిని అలా అనడానికి నాకు మనసొప్పదు. ఇంకొక షరతు కూడా ఉంది. మొత్తం ఎంత అవుతుందో మొదటి తెరమీదనే చెప్పాలి. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ, ఆన్‌లైన్‌లో కొనేవారిని మాయచేసే 13 పద్ధతులను గుర్తించి, వాటిని నిషేధిస్తూ మార్గదర్శకాలు ప్రకటించింది. అసలు ధరను దాచి, కొనుగోలు చివరికి వచ్చేసరికి కొద్దికొద్దిగా బయటపెట్టడం అందులో ఒకటి. మనం అడగనిదానిని బుట్టలో వేయడం ఒకటి. వద్దన్నవాడిని సిగ్గుపడేటట్టు చేయడం మరొకటి. ఈ చివరిదానికి ఆ మార్గదర్శకాలలో ఇచ్చిన ఉదాహరణ ఏమిటో తెలుసా? విమాన టికెట్ కొనేటప్పుడు బీమా వద్దనుకుంటే, "నేను రక్షణ లేకుండానే ఉంటాను" అన్న మాట మీద నొక్కవలసి రావడం! ఉదాహరణ కోసం వెతికినవారికి విమాన టికెట్లే ముందు కనబడ్డాయంటే ఆశ్చర్యం ఏముంది? సీట్ల తెర దగ్గర కూడా చూడండి. "సీటు ఎంచుకోండి" అన్న బొత్తం పెద్దదిగా, రంగుగా ఉంటుంది. "వదిలివేయి" అన్న మాట ఏ మూలనో లేత అక్షరాలతో ఉంటుంది. మా వయసువారికి అది కనబడేలోపు చెల్లింపు పేజీ వచ్చేస్తుంది.

ఇప్పుడు తరచూ ఎగిరేవారి దగ్గరకు వస్తాను. ఈ సభలో వ్యాపారులు చాలామంది ఉన్నారు. నెలనెలా హైదరాబాదుకో, ఢిల్లీకో వెళ్ళేవారు ఉన్నారు. వారికి ఇంకొక రకమైన నొప్పి ఉంది.

1981 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ప్రయాణికులకు ఒక పథకం పెట్టింది. ఎన్ని మైళ్ళు ఎగిరితే అన్ని మైళ్ళు మీ ఖాతాలో వేస్తాం, అవి పోగయ్యాక ఒక టికెట్ ఊరికే ఇస్తాం అన్నది ఆ పథకం. సులువైన లెక్క, ఎవరికైనా అర్థమయ్యే లెక్క. ప్రపంచమంతా దానిని అనుకరించింది. తరచూ వచ్చేవాడికి మంచి సీటు, ముందుగా ఎక్కే వీలు, ఒక చిరునవ్వు, ఇవన్నీ ఆ రోజుల్లో మర్యాదగా దక్కేవి. ఆ తరువాత లెక్క మారింది. డెల్టా, యునైటెడ్ 2015లో, అమెరికన్ 2016లో, ఎగిరిన దూరాన్ని వదిలి కట్టిన డబ్బును కొలవడం మొదలుపెట్టాయి. మన ఎయిర్ ఇండియా కూడా 2024లో ఖర్చుపెట్టిన రూపాయలను బట్టి పాయింట్లు ఇచ్చే పద్ధతికి వచ్చింది. ఇందులో అన్యాయం ఏమిటని అడగవచ్చు. ఎక్కువ కట్టినవాడికి ఎక్కువ ఇవ్వడం న్యాయమే. కానీ ముందుచూపుతో చౌక టికెట్లు కొనుక్కుని ఏడాదంతా తిరిగే చిన్న వ్యాపారి, కంపెనీ ఖర్చు మీద ఎప్పుడో రెండుసార్లు ఖరీదైన టికెట్ కొన్న అధికారి కంటే కింద పడతాడు. అన్నిసార్లు తెల్లవారుజామున లేచి రేణిగుంటకు పరుగెత్తిన మనిషిని ఆ లెక్క గుర్తించదు.

నాకు తెలిసిన ఒక మామిడి గుజ్జు వ్యాపారి ఉన్నారు. ఏళ్ళ తరబడి ఒకే సంస్థ విమానాల్లో తిరిగారు. సీటు ఎంపిక ఉచితంగా దక్కే సభ్యత్వ శ్రేణి ఒకటి ఆయనకు ఉండేది. ఒక ఏడాది పంట దెబ్బతిని ప్రయాణాలు తగ్గాయి, శ్రేణి దిగిపోయింది. అంతవరకు ఊరికే కూర్చున్న అదే నడవ సీటుకు మరుసటి నెల నుంచి వెల కనబడింది. ఆయనకు కోపం వచ్చింది డబ్బు గురించి కాదు. "ఇన్నేళ్ళు వచ్చిన మనిషిని మధ్య సీటులోకి తోశారు సార్" అన్నారు. దీనికి తోడు ఆయన పోగుచేసుకున్న పాయింట్లతో టికెట్ తీసుకోబోతే, అంతకుముందు సరిపోయే పాయింట్లు ఇప్పుడు సరిపోలేదు.

ఆ పాయింట్లు ఎవరివి? మనవని అనుకుంటాం. సభ్యత్వ షరతులు చదివితే, వాటి విలువను ఎప్పుడైనా మార్చే హక్కు, పథకాన్ని ఎత్తివేసే హక్కు సంస్థ తన దగ్గరే ఉంచుకున్నట్టు కనబడుతుంది. బ్యాంకులో వేసిన డబ్బు విలువను మేనేజరు రాత్రికి రాత్రి తగ్గిస్తే ఊరుకుంటామా? 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఎగరడం ఆగిపోయినప్పుడు సభ్యుల పాయింట్ల ఖాతాలు మిగిలాయి, వాటితో ఎక్కవలసిన విమానాలు మిగలలేదు. 2024 నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోయినప్పుడు దాని సభ్యులు వేరే పథకంలోకి, వేరే లెక్కలోకి మారవలసి వచ్చింది. వారిని ఎవరైనా అడిగారా?

మరొకవైపు చూడండి. ఆ పాయింట్లు మన చేతిలో ఉన్నప్పుడు విలువ లేనివి, సంస్థ చేతిలో ఉన్నప్పుడు ఎంత విలువైనవో! 2020లో కోవిడ్ వచ్చి విమానాలు నేలమీద నిలిచిపోయినప్పుడు యునైటెడ్ సంస్థ తన మైళ్ళ పథకాన్నే తాకట్టుపెట్టి అప్పు తెచ్చుకుంది. ఆ పథకం విలువను సుమారు 2,200 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. విమానాలు ఎగరకపోయినా ఆ పథకానికి అంత విలువ ఎందుకు వచ్చింది? బ్యాంకులు తమ క్రెడిట్ కార్డుల వారికి ఇవ్వడానికి ఆ మైళ్ళను డబ్బు ఇచ్చి కొంటాయి కాబట్టి. మన దేశంలోనూ విమానయాన సంస్థల పేరుతో క్రెడిట్ కార్డులు వచ్చింది ఇందుకే. అమెరికా రవాణా శాఖ 2024 సెప్టెంబరులో నాలుగు పెద్ద సంస్థల పథకాల మీద విచారణ మొదలుపెట్టింది. పాయింట్ల విలువ తగ్గించడం, ధర కనబడకుండా చేయడం అందులో అడిగిన ప్రశ్నలు. మన దగ్గర కూడా ఆ ప్రశ్నలు అడగవలసిన సమయం వచ్చింది.

తిరుపతి వంటి ఊళ్ళకు ఇంకొక చిక్కు ఉంది. ఢిల్లీ, ముంబై మధ్య తిరిగేవాడికి ఒక సంస్థ నచ్చకపోతే గంటలోపే ఇంకొక సంస్థ విమానం ఉంటుంది. ఇక్కడ మన పనికి సరిపడే సమయానికి ఉన్న విమానం ఏ సంస్థదో, ఆ సంస్థకే మనం విధేయులం. ఎన్నుకునే వీలున్నచోట విధేయతకు బహుమానం ఇస్తారు. ఎన్నుకునే వీలు లేనిచోట బహుమానం ఇవ్వవలసిన అవసరం వారికి ఏముంది? అందుకే మన చిన్న విమానాశ్రయాల ప్రయాణికులకు నేను చెప్పేది, పాయింట్ల కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి. వచ్చినవాటిని దాచుకోకుండా వీలైనంత త్వరగా వాడేయండి. దాచిన కొద్దీ పెరిగే సొమ్ము కాదది.

సభలో నుంచి ఒక అమ్మగారు చీటీ పంపారు. చదువుతాను. "మా అత్తగారు, మామగారు పోయిన నెల విమానంలో వేరువేరు వరుసల్లో కూర్చోవలసి వచ్చింది, సీటుకు డబ్బు కట్టకపోతే ఇక మార్గం లేదా" అని అడుగుతున్నారు. మార్గం ఉందమ్మా. ఇద్దరి టికెట్లూ ఒకే పీఎన్ఆర్ మీద తీసుకోండి, విడివిడిగా తీసుకోవద్దు. చెక్-ఇన్ ఎప్పుడు తెరుచుకుంటుందో చూసుకుని, తెరుచుకున్న వెంటనే చేయండి. కొన్ని సంస్థలకు 48 గంటల ముందు, కొన్నింటికి 24 గంటల ముందు. సీట్ల తెర వస్తే ఏదీ ఎంచుకోకుండా ముందుకు వెళ్ళే దారి ఉంటుంది, దానిని ఓపికగా వెతకండి. దానంతట అది ఇచ్చిన సీట్లు వేరువేరుగా వస్తే, విమానాశ్రయానికి కాస్త ముందుగా వెళ్ళి కౌంటరులో పెద్దల వయసు, ఆరోగ్యం చెప్పి మర్యాదగా అడగండి. కౌంటరులో కూర్చున్న పిల్లలు ఈ రుసుములు నిర్ణయించినవారు కారు, వారి మీద కేకలు వేయకండి. చాలాసార్లు వారే సర్దిపెడతారు. చక్రాల కుర్చీ అవసరమైతే టికెట్ కొన్నప్పుడే నమోదు చేయండి. అత్యవసర ద్వారం పక్కన వరుస ఖాళీగా ఉన్నా పెద్దలను అక్కడ కూర్చోబెట్టరు. ప్రమాదంలో ఆ తలుపు తెరిచే శక్తి ఉన్నవారినే అక్కడ కూర్చోబెట్టాలన్నది భద్రతా నియమం, అందులో వాదించవలసింది ఏమీ లేదు.

ఒకవేళ డబ్బు కట్టి సీటు ఎంచుకున్నారు, విమానం మార్చామని చెప్పి ఆ సీటు ఇవ్వలేదు, డబ్బూ తిరిగి ఇవ్వలేదు, అప్పుడు ఏమి చేయాలి? ముందుగా సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఫోనులో మాట్లాడి ఊరుకోవద్దు. తరువాత పౌర విమానయాన మంత్రిత్వ శాఖ నడిపే ఎయిర్‌సేవా పోర్టల్‌లో నమోదు చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, అందరూ రాసుకోండి. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం ప్రకారం సంస్థ కార్యాలయం ఢిల్లీలో ఉన్నా, గురుగ్రామ్‌లో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు దాటకపోతే దాఖలు రుసుము లేదు. సమస్య తలెత్తిన రెండేళ్ళలోపు వేయాలి. వకీలును పెట్టుకోవాలన్న నియమం కూడా లేదు, మీరే వెళ్ళి మాట్లాడవచ్చు.

దీనికంతటికీ ఆధారాలు కావాలి. టికెట్ ఒక్కటే ఉంచుకుంటే చాలదు. టికెట్ కొనేటప్పుడు మొదటి తెరమీద చూపిన ధర, చివర కట్టిన ధర, సీటుకు విడిగా తీసుకున్న మొత్తం, ఈ మూడింటికీ ఫోనులో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. బోర్డింగ్ పాస్‌ను ప్రయాణం అయిపోగానే పారేయకండి, మీరు ఏ సీటులో కూర్చున్నారో చెప్పే కాగితం అదే. ఇంకా చీటీలు ఉంటే పంపండి, ఒక్కొక్కటిగా చూద్దాం.